39 శాతం ఓట్లకు ఎన్ని సీట్లు? ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఎన్నికల్లో ఓటు, పొత్తు, ప్రాతినిధ్యం

2019 శాసనసభ ఎన్నికల్లో టీడీపీకి పోలైన ఓట్లలో 39.17 శాతం వచ్చాయి. 175 స్థానాల సభలో ఆ పార్టీకి దక్కినవి 23. 2024లో వైఎస్సార్‌సీపీకి 39.37 శాతం వచ్చాయి. దక్కినవి 11. రాష్ట్రం అదే, నియోజకవర్గాల సరిహద్దులు అవే. ప్రతి ఐదుగురిలో దాదాపు ఇద్దరి మద్దతున్న పార్టీకి సభలో ఒకసారి ఎనిమిదో వంతు, మరోసారి పదహారో వంతు చోటు మిగిలింది. గెలిచిన వైపు చూస్తే 2019లో వైఎస్సార్‌సీపీ 49.95 శాతంతో 151 స్థానాలు గెలుచుకుంది. 2024లో టీడీపీ, జనసేన, బీజేపీ కూటమి 55.28 శాతంతో 164 తీసుకుంది.

ఈ అంకెలను పార్టీల కోణంలో చదవడం మనకు అలవాటు. ఒకరి అహంకారానికి ప్రజలు బుద్ధి చెప్పారని, మరొకరి కష్టానికి ఫలితం దక్కిందని అంటాం. అందులో నిజం ఉండొచ్చు. కానీ దాదాపు సమానమైన ఓట్ల శాతానికి ఒకచోట 23, మరోచోట 11 ఎలా వచ్చాయన్న ప్రశ్నకు ఆ చదువు జవాబివ్వదు. జవాబు లెక్కింపు పద్ధతిలో ఉంది. నియోజకవర్గంలో ఎవరికి ఒక్క ఓటు ఎక్కువ వస్తే వారే ఎమ్మెల్యే. మిగతా ఓట్లన్నీ, అవి సగానికి మించినా, సభకు చేరవు.

ఓట్ల వాటాకు, సీట్ల వాటాకు మధ్య తేడాను కొలవడానికి ఐర్లండ్ రాజనీతి శాస్త్రవేత్త మైకేల్ గాలగర్ 1991లో ఒక సూచీ ఇచ్చారు. ప్రతి పార్టీ ఓట్ల శాతానికీ సీట్ల శాతానికీ మధ్య తేడాను వర్గం చేసి, అన్నీ కలిపి, సగం చేసి, వర్గమూలం తీయాలి. సున్నా వస్తే ఓట్లూ సీట్లూ సరిసమానం. నోటాను పక్కనపెట్టి పార్టీలవారీగా నేను వేసిన లెక్కలో ఆంధ్రప్రదేశ్‌కు 2019లోనూ 2024లోనూ సుమారు 32 వచ్చింది. 2023 తెలంగాణ ఎన్నికలకు అదే లెక్కలో వచ్చింది 12 మాత్రమే. రెండు రాష్ట్రాల్లోనూ పద్ధతి ఒకటే. తెలంగాణలో కాంగ్రెస్ (39.40 శాతం, 64 స్థానాలు), బీఆర్‌ఎస్ (37.35 శాతం, 39 స్థానాలు) బలం ప్రాంతానికో తీరుగా ఉంది. ఆంధ్రలో గాలి రాష్ట్రమంతటా ఒకే వైపు వీచింది. ఓట్లు ఎక్కడ కుప్పపడ్డాయన్నదీ ముఖ్యమే. తెలంగాణలోనే 13.90 శాతం తెచ్చుకున్న బీజేపీకి 8 స్థానాలొస్తే, హైదరాబాద్ పాతబస్తీలో పట్టున్న మజ్లిస్ 2.22 శాతంతోనే 7 గెలిచింది.

చెదిరిన ఓటుకు ఈ పద్ధతిలో విలువ లేదు. 2009లో ఉమ్మడి రాష్ట్రంలో ప్రజారాజ్యానికి 16 శాతానికి పైగా ఓట్లు పడితే 294లో 18 స్థానాలే వచ్చాయి. జనసేన కథ ఇంకా స్పష్టం. 2019లో 5.53 శాతంతో ఒక్క రాజోలు. 2024లో 6.85 శాతంతో పోటీచేసిన 21 స్థానాలకు 21. ఓటు శాతం పెరిగింది ఒకటిన్నర కంటే తక్కువ. తక్కిన తేడా అంతా పొత్తుదే. అలాగని పొత్తే అన్నీ చేసిందనడం సరికాదు. 2019లో టీడీపీ, జనసేన ఓట్లు కలిపినా 44.70 శాతమే, వైఎస్సార్‌సీపీకి ఐదు శాతం దిగువనే. ప్రజల మొగ్గు మారింది నిజం. ఆ మార్పును 164కు చేర్చింది మాత్రం పొత్తుతో కలిసిన లెక్కింపు పద్ధతి.

పొత్తు చేసే పనిని ఓటరే స్వయంగా చేసే ఎన్నిక మనకు కొత్తేమీ కాదు. పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికలో బ్యాలెట్ పేపరుతో పాటు ఊదారంగు స్కెచ్ పెన్ను చేతికిస్తారు. ఇష్టమైన అభ్యర్థి పేరు ఎదురుగా 1 అని, ఆ తర్వాత ఎవరైనా ఫర్వాలేదనుకుంటే 2, 3 అని అంకెలు వేయాలి. టిక్కు పెడితే ఓటు చెల్లదు. లెక్కింపులో సగానికి మించిన కోటా ఎవరికీ రాకపోతే, అట్టడుగున ఉన్న అభ్యర్థిని తొలగించి, ఆయన కట్టలోని ఓట్లను రెండో అంకె చూసి పంచుతారు. ఎలిమినేషన్ ఒక్కో రౌండు సాగే కొద్దీ ఏజెంట్లు రాత్రంతా బల్లల దగ్గరే ఉంటారు. 2023 మార్చిలో కడప, అనంతపురం, కర్నూలు పట్టభద్రుల స్థానంలో మొదటి ప్రాధాన్య ఓట్లలో వైఎస్సార్‌సీపీ అభ్యర్థి ముందున్నారు. రెండో ప్రాధాన్య ఓట్లు కలిశాక టీడీపీ అభ్యర్థి గెలిచారు. ఏడాది తర్వాత శాసనసభ ఎన్నికల్లో నాయకులు సీట్ల సర్దుబాటుతో ఓట్లను ముందే కలిపారు. ఎమ్మెల్సీ ఎన్నికలో అదే పని ఓటరు తన పెన్నుతో చేశాడు. పొత్తులో ఏ సీటు ఎవరికన్నది నాలుగ్గోడల మధ్య తేలుతుంది. ప్రాధాన్య ఓటులో ఆ నిర్ణయం ఓటరు చేతికే వస్తుంది. నా దృష్టిలో ఈ తేడా చిన్నది కాదు.

అయితే ఆ పద్ధతిని ఉన్నదున్నట్టు శాసనసభకు తెస్తే మేలని నేను అనను. డిగ్రీ చదివినవాళ్ళ ఎన్నికలోనే చెల్లని ఓట్లు వేలల్లో తేలుతున్నాయి. రాజ్యాంగ సభలో 1949 జనవరి 4న కాజీ సయ్యద్ కరీముద్దీన్ దామాషా ప్రాతినిధ్యం కోరినప్పుడు అంబేడ్కర్ అభ్యంతరాల్లో ఇదొకటి: అక్షరాస్యత తక్కువున్న దేశంలో ఆ పద్ధతి పనిచేయదని. రెండోది, ముక్కలైన సభలో స్థిరమైన ప్రభుత్వం నిలవదన్న భయం.

ఈ రెండింటికీ న్యూజిలాండ్ అనుభవం కొంత జవాబిస్తుంది. 1978లో, 1981లో అక్కడ లేబర్ పార్టీకి ఎక్కువ ఓట్లు వచ్చినా ప్రభుత్వం నేషనల్ పార్టీదే అయింది. 1981లో సోషల్ క్రెడిట్ పార్టీకి 20.7 శాతం ఓట్లు పడితే 92లో రెండే సీట్లు. 1986లో రాయల్ కమిషన్ మార్పు సూచించింది. 1992, 1993 ప్రజాభిప్రాయ సేకరణల్లో జనం ఒప్పుకున్నారు. 1996 నుంచి ఓటరుకు రెండు ఓట్లు: ఒకటి స్థానిక అభ్యర్థికి, ఒకటి పార్టీకి. పార్టీ ఓటుకు తగ్గ సీట్లు నియోజకవర్గాల్లో రాకపోతే జాబితా నుంచి భర్తీ చేస్తారు. లోపాలు లేకపోలేదు. ఐదు శాతం, లేదా ఒక నియోజకవర్గం అన్న షరతు వల్ల 2008లో 4.07 శాతం తెచ్చుకున్న న్యూజిలాండ్ ఫస్ట్‌కు ఒక్క సీటూ రాలేదు. ఒకచోట గెలిచిన యాక్ట్ పార్టీకి 3.65 శాతంతోనే ఐదు వచ్చాయి.

రెండు ఓట్లు మన ఓటరుకు బరువు కావు. ఆంధ్రలో ఒకేరోజు లోక్‌సభకు ఒక ఈవీఎం మీద, శాసనసభకు మరో ఈవీఎం మీద మీట నొక్కి వస్తున్నారు. క్రాస్ ఓటింగ్ చేయాలనుకున్నవాళ్ళు చక్కగా చేస్తున్నారు. జాబితా ఆలోచనా మనకు కొత్త కాదు. లా కమిషన్ 1999లో 170వ నివేదికలో లోక్‌సభ స్థానాలను పాతిక శాతం పెంచి, ఆ అదనపు స్థానాలను జాబితా ద్వారా నింపాలని సూచించింది.

తెలుగు రాష్ట్రాలకు ఇది గాలిమాట కాదు. ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం 26వ సెక్షన్ ఆంధ్రప్రదేశ్ స్థానాలను 225కు, తెలంగాణ స్థానాలను 153కు పెంచాలంటోంది. 170వ అధికరణ అడ్డున్నందున అది 2026 తర్వాతి జనగణన దాకా ఆగింది. ఆ పెరిగే 50 స్థానాలను కొత్త నియోజకవర్గాలుగా గీయకుండా, తక్కువపడిన పార్టీలకు ఓట్ల దామాషాలో ఇచ్చే జాబితా స్థానాలు చేస్తే? నియోజకవర్గాల నుంచే నేరుగా ఎన్నుకోవాలన్న 170వ అధికరణను సవరించాలి. జాబితాలో ఎస్సీ, ఎస్టీల వాటా, మహిళల వరుస చట్టంలోనే రాయాలి. లేకపోతే ఆ జాబితా పార్టీ అధినేత జేబులో చీటీ అవుతుంది.

ఐదు శాతం షరతు పెట్టుకుని, జనం ఓటింగ్ తీరు మారకుండా ఉంటే 2019లో టీడీపీ 65కు, జనసేన 9కి చేరేవి. వైఎస్సార్‌సీపీ 151తో 225లో తిరుగులేని మెజారిటీలోనే ఉండేది. 2024లో కూటమి 164తో ప్రభుత్వంలోనే ఉండేది, వైఎస్సార్‌సీపీ 61తో ఎదురు కూర్చునేది. ఇప్పుడు 11 స్థానాలు సభలో పదో వంతుకు తక్కువన్న కారణంతో ప్రతిపక్ష నేత హోదా దక్కలేదు, వివాదం హైకోర్టుకెక్కింది. 39.37 శాతం ఓటర్ల తరఫున బడ్జెట్ మీద మాట్లాడేవారు సభలో ఉన్నారా లేరా అన్నది అలా ఒక పార్టీ ఫిర్యాదుగా మిగిలిపోయింది.