వెలుగు పోగొట్టుకొన్న లెక్క

ఇందాలో 1949లో ఖరగ్‌పూర్ కళాశాలయు, సమీపమున హిజ్లీలో 1951లో ఐ.ఐ.టి.యు వెలసినవి. రైలు కొలువునకై ఆంధ్రదేశమునుండి తరలివచ్చి ఖరగ్‌పూరున స్థిరపడిన తెలుగువారి పిల్లలకు విజ్ఞానము ఇంటి ముంగిటికే వచ్చినట్లయినది. రంగునీటి గుండా కాంతిని పంపి, అందు ఎంత వెలుపలికి వచ్చెనో కొలుచు విద్యార్థికి, ఆ శాస్త్ర చరిత్రలో గుంటూరు పేరు కూడ కలదని తెలియవలెను.

ఆ కొలతకు మూలసూత్రము ముగ్గురి కృషివలన ఏర్పడినది. 1729లో బూగే, 1760లో లాంబర్ట్ పదార్థపు మందమునకును, 1852లో బీర్ ద్రావణపు గాఢతకును కాంతితో గల సంబంధమును నిరూపించిరి. ఒక పొర నూరు పాళ్ల కాంతిలో పది పాళ్లనే పోనిచ్చినచో, అట్టి రెండవ పొర ఆ పదింటిలో ఒక్క పాలునే పోనిచ్చును. ప్రసారము నూటికి పది, ఒకటి అగుచుండగా, శోషణమానము ఒకటి, రెండు అని పెరుగును. కనుక శోషణమానమును బట్టి నీటిలో కరగిన పదార్థమెంతయో చెప్పవచ్చును. అయితే గాజుపాత్రయు, నీరును కొంత కాంతిని హరించును. ముందుగా వట్టి నీటితో కొలిచి, దానితో పోల్చిననేగాని లెక్క సరిపడదు.

ఏ కాంతి ఎక్కడ పోయినదో విచారించినవారిలో ఫ్రాన్సు దేశీయుడగు జాన్సెన్ ఒకడు. ఆయన 1866లో పారిస్ నగరమున 37 మీటర్ల ఇనుప గొట్టమును నీటియావిరితో నింపి దానిగుండా కాంతిని పంపెను. వర్ణపటమున నల్లని పట్టీలు కనిపించినవి. సూర్యకాంతిలోని నల్లగీతలలో కొన్ని సూర్యునివి కావనియు, మన ఆకాశమందలి నీటియావిరివే యనియు దీనివలన తేలినది.

ఆ జాన్సెనే 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణమును చూచుటకు గుంటూరు వచ్చెను. సూర్యుని అంచున లేచిన జ్వాలల వర్ణపటమున మెరయు గీతలను కనుగొనెను. మరునాడు గ్రహణము లేకయే వానిని మరల చూచెను. అదే గ్రహణమును మచిలీపట్నమున పాగ్సన్ పరిశీలించెను.

గుంటూరున హీలియము కనుగొనబడెనని పలువురు చెప్పుదురు. అది సగము సత్యమే. జ్వాలలలోని పసుపుపచ్చ గీత సోడియముదని అప్పటి భావన. ఆ అక్టోబరులో ఇంగ్లండున లాకియర్ శ్రద్ధగా కొలిచి, అది సోడియము గీతలకు ఇంచుక ఎడముగా నున్నదని గ్రహించెను. భూమిపై ఆ వాయువును రామ్సే 1895లో గాని వేరుచేయలేదు. గుంటూరునకు ఇది కొరత కాదు. చూచుట ఒకటి, కొలుచుట మరొకటి యని అది నేర్పిన పాఠము.

ఆ పాఠమును తరువాత వాల్తేరున ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఆచార్య కె. రంగధామరావుగారు వర్ణపటశాస్త్ర పరిశోధనగా పెంపొందించిరి. కాంతివిద్యుత్ గొట్టముతో పనిచేయు బెక్‌మన్ యంత్రము 1941లో వెలువడిన పిదప, కాంతిహానిని గుర్తించు భారము కంటినుండి యంత్రమునకు మారినది. కాని వట్టి నీటితో మొదట కొలుచు నియమము మారలేదు. గుంటూరునుండి ఇందావరకు సత్యము నిలిచినది ఆ ఓపికమీదనే.