పాలంపేట రుద్రేశ్వరాలయ రక్షణ చరిత్రము

తెలంగాణమునందలి ములుగు జిల్లాలో, పాలంపేట యను చిన్న గ్రామముచెంత, శా.శ. 1135 శ్రీముఖ సంవత్సర చైత్ర శుద్ధ అష్టమీ భానువారమునాఁడు, అనఁగా క్రీ.శ. 1213 మార్చి 31వ తేదిని, రేచెర్ల రుద్రుఁడు శివప్రతిష్ఠ గావించెను. ఈతఁడు కాకతి గణపతిదేవుని సేనాపతి. ఆలయమునందలి సంస్కృతశాసనము దాతయొక్క వంశమును, ఆతని స్వామిభక్తిని విపులముగా వర్ణించుచున్నది. అయినను లోకులు దీనిని రుద్రేశ్వరమనక రామప్పగుడి యనియే పిలుచుచున్నారు. రామప్ప యనువాఁడు శిల్పియని జనశ్రుతి. కట్టించినవాని పేరు శాసనమునను, కట్టినవాని పేరు జనులనోటను నిలుచుట మన దేశమున నరుదు. 2021లో ఐక్యరాజ్యసమితివారి యునెస్కో ప్రపంచవారసత్వపట్టికలో నీ గుడిని జేర్చినపుడు ‘కాకతీయ రుద్రేశ్వరాలయము’ అని వ్రాసి, రామప్ప పేరును కుండలీకరణమున నుంచిరి. ఇట్లు పేర్లు రెంటికిని సంధి కుదిరినది. గుడిని గాపాడ వచ్చిన సంస్థలకు సంధి కుదురుట మాత్రము కొంత కష్టమైనది.

ఈ రక్షణోద్యమమునకు మొదలు నైజాము ప్రభుత్వము 1914లో స్థాపించిన పురావస్తుశాఖ. దాని యధ్యక్షుఁడు గులాం యజ్దానీగారు పాలంపేట గుళ్లనుగూర్చి వ్రాసిన గ్రంథమును భారత పురావస్తుశాఖవారు 1922లోఁ బ్రకటించిరి. ఆ కాలమున సర్కారువారు కట్టడములను జూచుకొనుచుండఁగా, శాసనములను సేకరించి చదువు భారమును పండితసంఘములు మోసినవి. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు 1923లో దివంగతులైన పిమ్మట హైదరాబాదులో వారి పేరఁ బ్రసిద్ధమైన పరిశోధకమండలి ‘తెలంగాణా శాసనములు’ అను సంపుటమును 1935లో వెలువరించెను. ఆ సంవత్సరముననే రాజమహేంద్రవరమునందలి ఆంధ్రేతిహాస పరిశోధకమండలివారు మారేమండ రామారావుగారి సంపాదకత్వమునఁ ‘గాకతీయ సంచిక’ను ప్రకటించిరి. ఆనాఁడు రాజమహేంద్రవరము బ్రిటిషువారి పాలనలోనిది, పాలంపేట నైజామువారిది. రాజ్యపు టెల్లలు వేఱైనను శాసనముల భాష యొక్కటియే యగుటచేఁ బండితులకు ఆ యెల్ల యడ్డు రాలేదు. గుడిని నిలిపినది తాపీవారైనను, అది యెవరిదో, యెన్నఁటిదో లోకమునకుఁ దెలిపినది యీ లిపిజ్ఞులే. ఈ సంగతి నేఁడు తఱచుగా మఱుగుపడుచున్నది.

పండితులు, మేస్త్రీలు మాత్రమే చాలని గుడి కాదిది. గోడలు ఎఱ్ఱని యిసుకరాతివి. మదనికలు, నాగినులు, ద్వారబంధములు నల్లని కఠినశిలలో మలచినవి. ఈ నల్లరాతిపైని మెఱుఁగు ఎనిమిదివందల యేండ్లు దాఁటినను మాసిపోలేదు. శిఖరమునకు వాడిన యిటుకలు మిక్కిలి తేలికయైనవి, నీటిపైఁ దేలును. పునాది మఱింత విచిత్రము. గుంటఁ ద్రవ్వి యిసుకతో నింపి, దానిపై నింత బరువును నిలిపిరి. భూమి కదలినపుడు ఆ కదలికను ఇసుక కొంత మ్రింగునని యంజనీరుల మతము. అయితే యీ యిసుక చెదరకుండవలెను, నీటిపాటు మాఱకుండవలెను. గుడిలోపలి నేల యచ్చటచ్చటఁ గ్రుంగి, దూలములు పగిలియుండుట చూచినవారికి ఈ మాట యథార్థమని తోఁచును. కాఁబట్టి రాతిని, మట్టిని, నీటిని బరీక్షించు శాస్త్రజ్ఞులు లేక యీ రక్షణము సాగదు.

1948 తరువాత నైజాము రాజ్యము భారతదేశమునఁ గలియుటతో నీ యాలయము కేంద్రప్రభుత్వ పురావస్తుశాఖ చేతికి వచ్చెను. ఆ శాఖ గుడిని గాపాడినది. కాని యొక పని మాత్రము దీర్ఘకాలము పండితులకును గ్రామస్థులకును మనఃక్లేశము కలిగించెను. ప్రధానాలయము ప్రక్కనున్న కామేశ్వరాలయమును మరల కట్టుటకై విప్పి, రాళ్లపై నంకెలు వ్రాసి పేర్చిరి. విప్పుట జరిగినంత వేగముగాఁ గూర్చుట జరుగలేదు. ఏండ్లు గడచినను రాళ్లు ఆరుబయటనే యుండెను. వ్యాకరణమున విగ్రహవాక్యము చెప్పినవాఁడు సమాసమును మరల చేయఁగలుగవలెను. లేనిచో విద్యార్థికి మిగులునది విడిపదములే.

చెఱువు సంగతి యింకొకటి. గుడితోపాటు కాకతీయుల కాలమునఁ గట్టిన రామప్పచెఱువు నేఁటికిని పొలములను దడుపుచున్నది. గోదావరీజలములను మెట్టకెత్తు దేవాదుల పథకము ఈ చెఱువును నడుమ నిలువజలాశయముగా వాడుకొనుటకు సంకల్పించెను. ఇచ్చటినుండి సొరంగము త్రవ్వుటకు వాడు మందుపేలుళ్లవలన ఇసుకపునాది కదలునేమో యను భయము పుట్టెను. నీరు కావలెనన్న రైతు మాటయు న్యాయమే, గుడి నిలువవలెనన్న వారి మాటయు న్యాయమే. ఇట్టి చోట నొక్క శాఖ యొక్కతే నిర్ణయింపరాదు. నీటిపారుదలవారు, పురావస్తుశాఖవారు, భూగర్భశాస్త్రజ్ఞులు ఒకచోటఁ గూర్చుండక తప్పదు.

అట్లు కూర్చుండఁజేయు పనిని కొంత తలకెత్తుకొన్నది కాకతీయ హెరిటేజ్ ట్రస్టు. విశ్రాంత ప్రభుత్వాధికారి బి.వి. పాపారావుగారును, వరంగల్లు సాంకేతిక విద్యాలయమున నాచార్యులైన ఎం. పాండురంగారావుగారును దీనికిఁ బ్రముఖులు. అధికారమెఱిఁగినవాఁడొకఁడు, పునాది యెఱిఁగినవాఁడొకఁడు. ఈ కలయిక యుచితమైనది. 2014లో వేయిస్తంభాలగుడి, ఓరుగల్లుకోట, రామప్పగుడి మూఁటిని గలిపి కేంద్రమువారు యునెస్కో తాత్కాలికపట్టికలోఁ జేర్పించిరి. తరువాత రామప్పగుడిని మాత్రమే నిలిపి 2019లో నివేదించిరి. ఓరుగల్లువారికి ఇది కష్టముగాఁ దోఁచియుండును. కాని చుట్టును వెలసిన యిండ్ల నడుమఁ జిక్కిన కోటకంటె పొలముల నడుమనున్న గుడికి వాదము సులభము.

స్మారకముల యంతర్జాతీయ పరిషత్తుకుఁ జెందిన నిపుణులు ఈ నివేదికయందుఁ గొన్ని లోపములను జూపి, మరల విచారింపవలెనని సూచించిరి. అయినను 2021 జులై 25వ తేదిని వారసత్వసంఘము సభ్యదేశముల యనుకూలతచే నాలయమును బట్టికలోఁ జేర్చెను. అప్పుడు దేవాలయమొక్కటియే గాక చెఱువు, దాని కట్ట, చుట్టుపట్లనున్న చిన్నగుళ్లు, పల్లెయు నొక్క పరిసరముగాఁ జూడవలెనన్న మాట ముందుకు వచ్చెను. ఈ సూచన గ్రహింపఁదగినది. రుద్రసేనాని చెఱువును వేఱుగా, గుడిని వేఱుగాఁ దలఁపలేదు.

అయితే పరిసరమనఁగా మనుష్యులు నివసించు చోటు. 2010 నాఁటి చట్టసవరణ ప్రకారము రక్షితకట్టడమునకు నూఱు మీటర్లలోపలఁ గ్రొత్త కట్టుబడి నిషిద్ధము, ఆ పైని రెండువందల మీటర్లలో ననుమతి కావలెను. ఇల్లు కూలిన రైతునకు ఈ కొలఁతలు గుడిగోడవలె నడ్డుగా నుండును. అతఁడు గుడికి శత్రువు కాఁడు. 1985 శివరాత్రినాఁడు నటరాజ రామకృష్ణగారు ఈ శిల్పముల భంగిమలను బరిశీలించి పునరుద్ధరించిన పేరిణినృత్యమును ఇచ్చట నాడించినపుడు చూడ వచ్చినవారిలో నీ ప్రాంతపు పల్లెలవారు లేకపోలేదు. 2022లో ట్రస్టువారు యువకులకు శిబిరము జరిపి, రక్షణపనులను నేర్పిరి. అట్టి శిబిరములలోఁ బాలంపేట పిల్లలు ఎందఱుందురో, వారికి శాసనలిపి చదువ నేర్పువారెవరో చూడవలసియున్నది. పొలముల గట్లపైఁ జెట్లు మొలిచిన చిన్నగుళ్లు ఇంకను ఉన్నవి. నిధులకై గర్భగుడులను రాత్రివేళఁ ద్రవ్వువారిని మొదటఁ గనుఁగొనువాఁడు పురావస్తుశాఖ యుద్యోగి కాఁడు, ఆ పొలమునకు నీరు పెట్ట వచ్చిన కాఁపు.