పాత్ర వర్గం

పాత్ర వర్గం అనగా కాల్పనిక పాత్రపోషణ ఆటలలో ఆటగాని పాత్రకు ఉండే శక్తులను, ఆయుధాలను, పరిమితులను నిర్ణయించే విభాగం. ఆటగాళ్ళ వాడుకలో దీనిని క్లాస్ అంటారు. యోధుడు, మంత్రగాడు, విలుకాడు, పూజారి, దొంగ అనేవి ఎక్కువ ఆటలలో కనిపించే వర్గాలు. సాధారణంగా ఆట నియమాలు తెలియకముందే వర్గాన్ని ఎంచుకోవలసి వస్తుంది. అనేక ఆటలలో ఆ ఎంపికను తరువాత మార్చుకొనుటకు వీలుండదు. అందువలన కొత్తవారికి ఇది ముఖ్యమైన నిర్ణయం.

చరిత్ర

గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించగా 1974లో అమెరికాలో వెలువడిన డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అనే బల్లపై ఆడే ఆట ద్వారా ఈ విధానం ప్రాచుర్యంలోకి వచ్చింది. మొదట ఇందులో యోధుడు, మంత్రగాడు, పూజారి అనే 3 వర్గాలు మాత్రమే ఉండేవి. 1975లో దొంగ వర్గం చేరింది. తరువాత కంప్యూటర్ ఆటలు ఈ విధానాన్ని స్వీకరించాయి. ఎవర్‌క్వెస్ట్ (1999), రాగ్నరాక్ ఆన్‌లైన్ (2002), వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ (2004) వంటి ఆన్‌లైన్ ఆటలు దీనిని ప్రపంచవ్యాప్తం చేశాయి. 2000ల దశకంలో లెవెల్ అప్ అనే సంస్థ రాగ్నరాక్ ఆన్‌లైన్‌ను భారతదేశంలో నిర్వహించింది.

జట్టులో బాధ్యతలు

జట్టుగా పోరాడునపుడు బాధ్యతలు ముఖ్యంగా మూడు రకాలు. శత్రువు దృష్టిని తనవైపు తిప్పుకొని దెబ్బలను భరించేవాడు ఒకడు. గాయాలను మాన్పేవాడు మరొకడు. శత్రువుకు నష్టం కలిగించేవారు మిగిలినవారు. మొదటి ఇద్దరిలో ఎవరు పొరబడినా జట్టు మొత్తం ఓడిపోయే ప్రమాదం ఉంది. నష్టం కలిగించేవారిలో ఒకరు పొరబడితే సాధారణంగా పోరాటం కొంత ఆలస్యమవుతుంది. కాబట్టి చాలామంది కొత్తవారు మూడవ బాధ్యతతో ఆట మొదలుపెడతారు.

కొత్తవారికి అనువైన వర్గం లక్షణాలు

బలమైన వర్గం, సులువైన వర్గం ఒకటి కావు. నిపుణుని చేతిలో గొప్ప ఫలితాలనిచ్చే వర్గం కొత్తవాని చేతిలో తరచు విఫలం కావచ్చును. అనువైన వర్గానికి ఈ క్రింది లక్షణాలు ఉంటాయి.

* తప్పును ఓర్చుకొనుట: దెబ్బలు తిన్నా కొంతసేపు నిలబడగలగాలి, లేదా శత్రువుకు దూరంగా ఉండి పోరాడగలగాలి.
* ఒంటరిగా ఆడగలుగుట: జట్టు దొరకనపుడు కూడా ముందుకు సాగగలగాలి.
* తక్కువ ఖర్చు: మందులకు, బాణాలకు, ఆయుధాలకు సంపాదన అంతా ఖర్చు కాకూడదు.
* కొద్ది నైపుణ్యాలు: ప్రారంభ దశలో గుర్తుంచుకోవలసిన మీటలు తక్కువగా ఉండాలి.

చాలా ఆటల సర్వర్లు భారతదేశానికి వెలుపల ఉండుట వలన ఆజ్ఞకు, ఫలితానికి మధ్య కొంత ఆలస్యం ఏర్పడుతుంది. క్షణాలలో స్పందించవలసిన వర్గాలకు ఇది అదనపు ఇబ్బంది.

ఉదాహరణలు

రాగ్నరాక్ ఆన్‌లైన్‌లో పాత్ర సాధారణంగా నోవిస్, అనగా అనుభవం లేనివాడుగా మొదలవుతుంది. వృత్తి స్థాయి 10కి చేరిన తరువాతనే కత్తియోధుడు, మంత్రగాడు, విలుకాడు, పూజారి శిష్యుడు, వర్తకుడు, దొంగ అనే తొలి 6 వృత్తులలో ఒకదానిని ఎంచుకోవాలి. ఈ లోపల ఆట తీరు కొంత పరిచయమవుతుంది. కత్తియోధునికి ప్రాణశక్తి ఎక్కువ కాబట్టి కొత్తవారికి అనుకూలం. మంత్రగాని దాడి తీవ్రమైనదే గాని ప్రాణశక్తి తక్కువ. మంత్రం పూర్తయ్యేలోగా దెబ్బ తగిలితే అది భంగం కావచ్చును. వర్తకుడు పోరాటంలో నెమ్మది అయినా సరుకులను తక్కువకు కొని, ఎక్కువకు అమ్మగలడు.

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ 9 వర్గాలతో మొదలైంది. 2022 నాటికి వాటి సంఖ్య 13కు చేరింది. ఇందులో వేటగాడిని కొత్తవారికి తరచు సూచిస్తారు. అతని పెంపుడు జంతువు దెబ్బలు కాస్తుండగా అతడు దూరం నుండి బాణాలు వేస్తాడు. పాలడిన్ బరువైన కవచం ధరించడమే కాక తన గాయాలను తానే మాన్పుకోగలడు. డ్రూయిడ్ రూపాలు మార్చి మూడు బాధ్యతలనూ నిర్వహించగలడు. అందువలన నేర్చుకోవలసినది కూడా ఎక్కువ.

సులువైన వర్గానికి ఒక లోపం కూడా ఉంది. జంతువుపై ఆధారపడి ఒంటరిగా ఎదిగిన వేటగాడు జట్టులో ఎప్పుడు ఆగాలో, ఎవరిపై దాడి చేయాలో తెలియక తడబడవచ్చును. కాబట్టి తొలిదశలోనే చిన్న జట్లలో ఆడుట మేలు.

ఎంపికను మార్చుకొనుట

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో పాత్ర జాతిని రుసుము చెల్లించి మార్చుకోవచ్చును గాని వర్గాన్ని మార్చుటకు వీలులేదు. వర్గం నచ్చనివారు కొత్త పాత్రను సృష్టించి మొదటి నుండి ఆడాలి. 2013లో పునఃప్రారంభమైన ఫైనల్ ఫాంటసీ 14లో ఒకే పాత్ర అన్ని వృత్తులనూ నేర్చుకోవచ్చును. రూన్‌స్కేప్ (2001)లో వర్గాలే లేవు. ఏ నైపుణ్యాన్ని సాధన చేస్తే అది పెరుగుతుంది.

ఇంటర్నెట్ కేంద్రాలలో గంటకు ఇంత అని చెల్లించి ఆడిన రోజులలో తప్పు ఎంపిక అంటే కాలంతోపాటు డబ్బు కూడా నష్టమే. మార్పుకు వీలులేని ఆటలలో రెండు మూడు వర్గాలను తొలి స్థాయిలలో కొద్ది గంటలపాటు ఆడి చూచి, ఆ తరువాత ఒకదానిపై నిలబడుట మంచి పద్ధతి.

పులిజూదంతో పోలిక

ఇరుపక్షాలకు వేర్వేరు శక్తులుండుట తెలుగువారికి కొత్త కాదు. పులిజూదంలో 3 పులులు, 15 మేకలు ఉంటాయి. పులి మేకపైనుండి దూకి దానిని చంపుతుంది. మేకలు చంపలేవు, అన్నీ కలిసి పులులను కదలకుండా బంధించాలి. పులి పక్షం ఒక్క ఎత్తుతో ఫలితం చూపగలదు కాబట్టి కొత్తవారికి త్వరగా అర్థమవుతుంది. మేకల పక్షానికి ముందుచూపు, కూర్పు అవసరం. ఒంటరిగా దాడిచేసే వర్గానికి, జట్టును కాపాడే వర్గానికి మధ్యగల తేడా కూడా ఇటువంటిదే.

ఇవి కూడా చూడండి

* పులిజూదం
* డంజియన్స్ అండ్ డ్రాగన్స్
* వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్