నాట్య సూత్రధారి డియాగిలేవ్

కళాపోషకుడనగానే కవికి కనకాభిషేకం చేయించే ప్రభువు మన మనస్సులో మెదలుతాడు. పోషకునికి ధనాగారం ఉండి తీరాలని మన నమ్మకం. కాని సొంత సొమ్ము లేకుండా, ఇతరుల విరాళాలతోనూ అప్పులతోనూ ఇరవై యేండ్లు ఒక కళను పోషించి, దాని స్వరూపాన్నే మార్చినవాడు ఒకడున్నాడు. అతడే రష్యా దేశీయుడైన సెర్గీ డియాగిలేవ్.

1872లో జన్మించిన డియాగిలేవ్ పెర్మ్ పట్టణంలో పెరిగి, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో న్యాయశాస్త్రం అభ్యసించాడు. సంగీతకర్త కావాలని అతని అభిలాష. తన రచనను రిమ్‌స్కీ కోర్సకోవ్‌కు చూపగా, ఆ విద్వాంసుడు అతని ఆశను మొదటనే త్రుంచివేశాడు. అతడు చిత్రకారుడూ కాడు, నర్తకుడూ కాడు. అతనికి ఉన్నదల్లా ఇతరులలోని ప్రతిభను పసిగట్టే చూపు. ఆ చూపుతోనే మిత్రులతో కలిసి 1898లో 'కళాప్రపంచం' అనే పత్రికను స్థాపించాడు. 1905లో దేశమంతటా తిరిగి ప్రాచీన రూపచిత్రాలను సేకరించి, రాజధానిలో గొప్ప ప్రదర్శన ఏర్పాటు చేశాడు.

1909 మే నెలలో పారిస్‌లోని షాట్లే నాటకశాలలో అతని నర్తక బృందం తొలిసారి రంగమెక్కింది. పశ్చిమ ఐరోపాలో బాలే అప్పటికి వన్నె తగ్గిన వినోదం. సంగీతకర్త, చిత్రకారుడు, నృత్యకర్త ఎవరి దారిన వారు పనిచేయక, ఒకే భావానికి కట్టుబడి పనిచేయాలన్నది డియాగిలేవ్ సంకల్పం. ముప్పై యేండ్లు నిండని స్ట్రవిన్‌స్కీ చేత 1910లో 'అగ్నిపక్షి'కి సంగీతం కూర్పించాడు. 1913 మే 29న అదే సంగీతకర్త 'వసంతారాధన'కు ప్రేక్షకుల కేకలతో నాటకశాల దద్దరిల్లింది. 1917లో 'పరేడ్' అనే నృత్యానికి పికాసో తెరలు చిత్రించాడు.

ఈ కీర్తి వెనుక కాఠిన్యమూ ఉన్నది. తాను పైకి తెచ్చిన మహానర్తకుడు నిజిన్‌స్కీ 1913లో వివాహమాడగానే, అతనిని బృందంనుండి తొలగించాడు. 1921లో లండన్‌లో అపార వ్యయంతో ప్రదర్శించిన 'నిద్రిత రాకుమారి' నష్టం తేగా, తెరలూ దుస్తులూ అప్పుక్రింద జప్తయినాయి. 1929 ఆగస్టు 19న వెనిస్‌లో డియాగిలేవ్ మరణించినప్పుడు అంత్యక్రియల ఖర్చును స్నేహితురాండ్రు భరించవలసి వచ్చింది. బృందమూ చెదరిపోయింది.

అయితే చెదరినవారు విత్తనాలైనారు. బృందంలో నర్తించిన నినెట్ ద వల్వా 1931లో లండన్‌లో నెలకొల్పిన సంస్థ తరువాత రాయల్ బాలే అయింది. బాలన్‌షిన్ అమెరికా చేరి న్యూయార్క్ నగర బాలేకు ప్రాణం పోశాడు. ఆ తొలి పారిస్ ప్రదర్శనలలో నర్తించిన అన్నా పావ్లోవా, తన సొంత బృందంతో ఉండగా, 1923లో లండన్‌లో మన ఉదయశంకర్‌తో కలిసి రాధాకృష్ణుల నృత్యం ప్రదర్శించింది. భారతీయ నృత్యంవైపు అతని మనస్సును మరలించినవారిలో ఆమె ముఖ్యురాలు.

ప్రసారశాలలో పనిచేసే మాకు డియాగిలేవ్ జీవితం మరొక విధంగా ఆసక్తికరం. మేమూ పాడేవారిని, పలికేవారిని ఒకచోట చేర్చి తెరవెనుక నిలిచేవారమే. సరియైన ఇద్దరిని సరియైన వేళ ఎదురెదురుగా కూర్చోబెట్టడం కూడ ఒక సృష్టి అని అతని చరిత్ర మాకు నేర్పుతున్నది. కనకాభిషేకం ఒకనాటితో ముగుస్తుంది. ఆ కలయిక ఫలం తరతరాలకు అందుతుంది.