నిమిషాలకు లొంగని పాట: 1970ల నడిమి రికార్డింగు, తూర్పు కనుమల జానపదం

అరకు లోయలో ఆదివాసుల గుంపు నృత్యం థింసాను ఎంతసేపు ఆడతారని అడిగితే గడియారం లెక్కన జవాబు దొరకదు. మోరీ ఊదేవాడి ఊపిరి, ఆడేవాళ్ళ కాళ్ళలోని సత్తువ, ఆ రోజు పండుగ బరువు కలిసి ఆ నిడివిని తేలుస్తాయి. చైత్రంలో ఇటుకల పండుగ వస్తే ఒక్క పాట పొద్దుగూకినప్పుడు మొదలై, మధ్యలో మాట మారి, వరస మారి, మళ్ళీ మొదటికొచ్చి చాలాసేపు నడుస్తుంది. రికార్డు అలా కాదు, అది నిమిషాల సరుకు. 78 చుట్ల లక్క రికార్డుకు ఒక్కో వైపు సుమారు 3 నిమిషాలు. 45 చుట్ల ఈపీకి 7 నిమిషాలు. ఎల్పీకి 20 నుంచి 25. పరిశోధకుడు భుజాన వేసుకెళ్ళే టేపు రికార్డరు సంగతీ అంతే. 600 అడుగుల చిన్న చుట్ట సెకనుకు ఏడున్నర అంగుళాల వేగంతో తిరిగితే 16 నిమిషాల్లో ఖాళీ.

ఈ రెండు కాలమానాలు 1970ల నడుమ తూర్పు కనుమల దగ్గర ఎదురుపడ్డాయి. ఆ ఎదురుపాటులో పాటకు ఏమైంది, పాడినవాళ్ళ పేరుకు ఏమైంది అన్నదే ఈ వ్యాసం పట్టించుకునే విషయం. యంత్రం నాణ్యత కంటే, పాట ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో ఎవరు నిర్ణయించారన్నది పెద్ద ప్రశ్న. దాని వెన్నంటే పాట కింద ఎవరి పేరు రాశారన్న ప్రశ్న వస్తుంది.

ముందు థింసా ధ్వని ఎలా పుడుతుందో చూడాలి. మోరీ సన్నాయి జాతి వాద్యం, ఆరుబయట దూరం వరకు వినిపించేలా చేసుకున్నది. దానికి తుడుం, డప్పు, కిరిడి, జోడుకొమ్ములు తోడు. ఆడవాళ్ళు ఒకరి వీపు వెనక నుంచి ఒకరు చేతులు పెనవేసుకుని, గొలుసులా సాగుతూ, వలయం తిరుగుతూ పాడతారు. పాడే గొంతులు ఒకచోట నిలవవు. మైకును నేలలో పాతి నిలబెడితే గొంతులు దగ్గరికొచ్చి, దాటిపోయి, తుడుం వెనక్కి వెళ్ళి మళ్ళీ వస్తాయి. మైకును మోరీ పక్కన పెడితే గొంతులు మునుగుతాయి. ఆడవాళ్ళ వైపు జరిపితే కాళ్ళ పట్టీల చప్పుడు ముందుకొస్తుంది, వాద్యం పలచబడుతుంది. రికార్డింగు ఇంజనీరుకు ఇది చిక్కు. థింసా ఆడేవాళ్ళకు ఇందులో చిక్కేమీ లేదు, ఎందుకంటే దాన్ని వినాల్సిన చోటు వలయం లోపలే. బయట కూర్చుని వినే శ్రోత కోసం కట్టిన సంగీతం కాదిది.

పైగా థింసా అంటే ఒకే ఆట కాదు. బోడ థింసా గ్రామదేవత కొలువులో ఆడేది. పొతర్ తోలా థింసాలో ఆకులు ఏరుకునే అడుగులుంటాయి. భాగ్ థింసా పులి బారినుంచి తప్పించుకోవడాన్ని ఆడి చూపుతుంది. అడుగు మారినప్పుడల్లా దరువూ మారుతుంది. బగత, కొండదొర, వాల్మీకి, కోటియా, పోర్జా, గదబ, ఖోండు జనం కలిసి బతికే లోయలో పాట ఆదివాసీ ఒరియాలో నడవొచ్చు, తెలుగులో నడవొచ్చు, కువిలోనో గుతోబులోనో నడవొచ్చు. ‘అరకు జానపదం’ అని ఒక్క చీటీ అంటిస్తే ఇందులో సగం కనిపించకుండా పోతుంది.

సరిగ్గా ఆ ఏళ్ళలోనే పడమటి దేశాల స్టూడియోలు పాటను ముక్కలుగా విడదీసి అతకడంలో ఆరితేరాయి. 16 ట్రాకులు, 24 ట్రాకుల టేపు యంత్రాలొచ్చాక డ్రమ్ము ఒక రోజు, గొంతు మరో రోజు, గిటారు ఇంకో రోజు పట్టుకుని కలపడం మామూలైంది. తుడుం కొట్టేవాడు కాళ్ళను చూస్తూ కొడతాడు, కాళ్ళు మోరీని వింటూ కదులుతాయి. అలాంటి పాటకు ఈ పద్ధతి పనికిరాదు. వాళ్ళను వేర్వేరు గాజు గదుల్లో కూర్చోబెట్టినప్పుడు దరువు మిగలొచ్చు గాని థింసా మిగలదు.

ఇక పేరు ప్రశ్నకొస్తే, అమెరికా గాయకుడు బాబ్ డిలన్ ‘బ్లడ్ ఆన్ ది ట్రాక్స్’ కథ పనికొస్తుంది. 1974 సెప్టెంబరులో న్యూయార్కులో ఆల్బం రికార్డయింది. విడుదలకు సిద్ధమయ్యాక డిలన్‌కు తృప్తి కలగలేదు. డిసెంబరులో మినియాపొలిస్‌లోని సౌండ్ 80 స్టూడియోలో ఊరి వాద్యగాళ్ళను పిలిచి ఐదు పాటలు మళ్ళీ పట్టారు. అప్పటికే అట్టలు అచ్చయిపోయాయి. 1975 జనవరిలో ఆల్బం బజారుకొచ్చింది, ఆ వాద్యగాళ్ళ పేర్లు మాత్రం అట్ట మీద లేవు. ప్రపంచంలోకెల్లా పెద్ద రికార్డు పరిశ్రమలోనే, సగం ఆల్బం వాయించిన వాళ్ళ పేర్లు అలా జారిపోయాయి. ఇక మన కొండల్లో మోరీ ఊదినవాడి పేరు ఎక్కడ నిలుస్తుంది?

ఇంగ్లండు జానపద రాక్‌లో పేరు మరో దారిన మాయమైంది. ఫెయిర్‌పోర్ట్ కన్వెన్షన్ బృందానికి చెందిన యాష్లీ హచింగ్స్ సెసిల్ షార్ప్ హౌస్ గ్రంథాలయంలో పాత పాటలు వెతికాడు. 1969లో వచ్చిన ‘లీజ్ అండ్ లీఫ్’ ఆ వెతుకులాట ఫలం. 1975లో స్టీలై స్పాన్ బృందం ఒక పాత జానపదాన్ని ‘ఆల్ అరౌండ్ మై హ్యాట్’గా పాడితే అది బ్రిటన్ జాబితాలో 5వ స్థానానికి ఎక్కింది. ఇలాంటి పాటల కింద పడే ముద్ర ‘సంప్రదాయం, కూర్పు ఫలానా’. రాయల్టీ కూర్చినవాళ్ళకు చేరుతుంది. పాటను తరాలుగా గొంతులో దాచుకున్న పల్లెకు చేరేదేమీ ఉండదు. ఆ బృందాల సంగీతం గొప్పదే, అందులో సందేహం లేదు. లోపమల్లా ఆ ముద్రలో ఉంది.

తెలుగు నేల మీదా ఆ ముద్ర పాతదే. వింజమూరి అనసూయ, సీత అక్కచెల్లెళ్ళు పొలాల పాటను, దంపుళ్ళ పాటను గ్రామఫోను రికార్డుల్లోకి, రేడియోలోకి, సభావేదిక మీదికి తెచ్చారు. చదువుకున్న ఇళ్ళలో జానపదమంటే చిన్నచూపు ఉన్న కాలంలో వాళ్ళు చేసిన మేలు తక్కువది కాదు. కానీ 3 నిమిషాల రికార్డుకు అమరేలా చరణాలు ఎంచుకోక తప్పలేదు, శ్రుతి చేసిన హార్మోనియం పక్కన గొంతు సర్దుకోక తప్పలేదు. దీనికి తిరగేసిన ఉదాహరణా ఉంది. ‘మొక్కజొన్న తోటలో’ కొనకళ్ళ వెంకటరత్నం రాసిన గేయం. జనం నోట పడి అది ఎంతగా కలిసిపోయిందంటే, చాలామంది దాన్ని ఊరూపేరూ లేని జానపదమనే అనుకుంటారు. కవి పేరున్న పాటే అలా అనామకమైతే, కవి అనేవాడే లేని థింసా పాట గతి చెప్పనక్కర్లేదు.

1963లో విశాఖపట్నంలో ఆకాశవాణి కేంద్రం వచ్చింది. అదే దశాబ్దంలో బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించడానికి కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం అరకు మీదుగా, 50కి పైగా సొరంగాలు తొలుచుకుంటూ వేశారు. మైదానానికి కొండ దగ్గరైంది.

అంతకు ముందే కొండెక్కినవాళ్ళు భాషాశాస్త్రవేత్తలు. భద్రిరాజు కృష్ణమూర్తి అరకు ప్రాంతంలో తిరిగి సేకరించిన సామగ్రితో రాసిన ‘కొండ లేక కూబి’ వ్యాకరణాన్ని 1969లో హైదరాబాదులోని గిరిజన సాంస్కృతిక పరిశోధన శిక్షణ సంస్థ ప్రచురించింది. ఎం. ఇజ్రాయెల్ కువి వ్యాకరణం 1979లో వచ్చింది. ఈ పుస్తకాలు లేకపోతే ఆ భాషల గురించి మనకు తెలిసింది చాలా కొద్దిగా ఉండేది. అయితే భాషాశాస్త్రానికి కావలసింది మాట, ధ్వని, వాక్యం. పాట దొరికినా అందులోంచి క్రియారూపాలే పేజీ మీదికొస్తాయి. వరస, దరువు, ఊపిరి తీసుకున్న చోటు వ్యాకరణ గ్రంథంలో ఇమడవు. ఆ శాస్త్రం పని అది కాదు కూడా. సంగీతశాస్త్రం ఆ పక్కనే నడిచి ఉండాల్సింది.

స్టూడియో లేకుండా, టేపు లేకుండా కొండ దిగువన మరో రికార్డింగు జరిగింది. ఈ కథలో చిక్కని భాగం ఇదే.

1967 అక్టోబరు 31న లేవిడిలో కోరన్న, మంగన్న అనే గిరిజనులు తుపాకీ గుళ్ళకు చనిపోయాక శ్రీకాకుళం గిరిజన పోరాటం రగిలింది. బొడ్డపాడు గుడిలో అర్చకుడిగా ఉన్న సుబ్బారావు పాణిగ్రాహి ఆ పోరాటంలోకి జముకుల కథను తీసుకొచ్చాడు. జముకు ఉత్తరాంధ్ర వాద్యం. ఒక మూతికి తోలు బిగించిన గొట్టంలోంచి నరం తీగ లాగి, చంకన ఇరికించుకుని మీటుతారు. తీగ బిగువు మార్చినకొద్దీ నాదం పైకీ కిందికీ ఊగుతుంది, మనిషి మాటలాడినట్టే ఉంటుంది. ముందు నిలబడ్డ కథకుడు ఒక పాదం అంటే పక్కవాళ్ళు వంత అందుకుంటారు. దేవతల కథలు చెప్పే ఈ కట్టులోనే పాణిగ్రాహి భూమి కథ, షావుకారు కథ చెప్పాడు. 1969 డిసెంబరులో ఆయనను కాల్చి చంపారు. మనిషి పోయాడు, కట్టు మిగిలింది.

ఆ కట్టు తెలిసిన ఊళ్ళలోంచే వంగపండు ప్రసాదరావు వచ్చాడు. 1943లో పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో పుట్టి, విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డులో కార్మికుడిగా పనిచేశాడు. 1972లో రూపుదిద్దుకున్న జననాట్యమండలిలో బి. నర్సింగరావు, గద్దర్‌లతో పాటు ఆయనది ముందువరస. పొలం గట్టు మాట, కొండ వాలు వరస, యార్డులో ఇనుము మీద పడే సుత్తి దెబ్బ మూడూ ఆయన గొంతులో ఒకేచోట కలిశాయి. ఉత్తరాంధ్ర యాసను ఆయన నవ్వు పుట్టించే సరుకుగా వాడలేదు. మనసులోని బరువైన మాట చెప్పడానికి వాడాడు. తెలుగు పాటకు అది కొత్త.

ఆయన ‘ఏం పిల్లడో ఎల్దమొస్తవ’ రాష్ట్రమంతా తిరిగిన తీరును రికార్డు పరిశ్రమ లెక్కల్లో కొలవలేం. ఒక ఊరి సభలో విన్న కుర్రాడు రెండో ఊళ్ళో పాడతాడు. పల్లవి చిన్నది, మళ్ళీ మళ్ళీ వస్తుంది. చరణానికి చరణం విడిగా నిలబడుతుంది కాబట్టి ఒకటి మరిచిపోయినా పాట కూలదు. ప్రశ్న వేసే గొంతు ఒకటి, జవాబు చెప్పే గుంపు ఒకటి కావడంతో విన్నవాడు విన్నప్పుడే పాడేవాడైపోతాడు. ఇవన్నీ జముకుల కథలో, నాట్ల పాటలో, థింసాలో తరాలుగా ఉన్న లక్షణాలే. వీటిని జ్ఞాపకానికి అనువైన నిర్మాణం అనొచ్చు. టేపు చేసే పనిని ఇక్కడ వంత చేసింది.

1975 జూన్‌లో ఎమర్జెన్సీ వచ్చాక ఈ నిర్మాణం విలువ తెలిసింది. విప్లవ రచయితల సంఘం (విరసం) రచయితలు జైళ్ళకు వెళ్ళారు. అచ్చయిన పుస్తకాన్ని పట్టుకోవచ్చు, టేపును స్వాధీనం చేసుకోవచ్చు. పొలంలో వంగి నాటు వేస్తున్న మనిషి నోట్లోని పల్లవికి సోదా లేదు. 1977లో సభలు మళ్ళీ మొదలైనప్పుడు ఆ పాటలకు జనం వంత సిద్ధంగా ఉంది.

అదే కాలంలో పల్నాడులో జరిగిన పని దీని పక్కన పెట్టి చూడదగ్గది. జీన్ రోఘైర్ అనే అమెరికా పరిశోధకుడు 1974లో అలిశెట్టి గాలెయ్య అనే వీర విద్యావంతుడు పాడగా పల్నాటి వీరుల కథను టేపుల మీదికి ఎక్కించాడు. ఆ అధ్యయనం 1982లో ఆక్స్‌ఫర్డు క్లారెండన్ ప్రెస్ పుస్తకంగా వచ్చింది. ఒక ఎంపిక చేసిన ఘట్టం దగ్గర ఆగకుండా కథాచక్రమంతా వినడం, గాయకుడి పేరు చెప్పడం, ఆయన ఎవరి దగ్గర నేర్చాడో, ఎవరి కోసం పాడతాడో రాయడం ఆ పనిలోని ఘనత. టేపు చిన్నదైతే చుట్టలు మార్చుకోవచ్చు, కథను మార్చనక్కర్లేదని ఆ పుస్తకం చూపింది. థింసాకూ, జముకుల కథకూ ఆ స్థాయి పని ఆ దశాబ్దంలోనే దక్కి ఉండాల్సింది. అప్పటికి వయసు మళ్ళిన మోరీ కళాకారులు రైలు రాకముందటి వరసలు విని పెరిగినవాళ్ళు.

1980లో గౌతం ఘోష్ ‘మా భూమి’ వచ్చింది. నర్సింగరావు నిర్మాతల్లో ఒకరు, సంగీతంలో వింజమూరి సీత చెయ్యి ఉంది. బండి యాదగిరి పాటను గద్దర్ తెర మీద కనిపిస్తూ పాడాడు. గ్రామఫోను కాలపు జానపదం, వీధి సభల జానపదం ఒకే సౌండ్‌ట్రాకు మీద కలుసుకున్న సందర్భమది. తర్వాత క్యాసెట్లు చవకయ్యాయి. 1980లలో చిన్న పట్నాల్లోనూ ఒక క్యాసెట్టు నుంచి పది తీసే యంత్రాలొచ్చాయి, పాటకు దొరికే నిడివి 60 నిమిషాలకో 90కో పెరిగింది. 1982లో అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ స్టడీస్ మన దేశంలో సంగీత జాతిశాస్త్ర అభిలేఖాగారాన్ని నెలకొల్పింది. విదేశీ పరిశోధకులు పట్టుకెళ్ళిన టేపుల నకళ్ళు ఇక్కడి వాళ్ళకు అందుబాటులో ఉండాలన్నది దాని ఉద్దేశాల్లో ఒకటి.

ఇప్పుడు అరకులో రిసార్టుల ముందు మంట వేసి థింసా ఆడిస్తున్నారు. సందర్శకుల ఫోన్లలో అది ముక్కలు ముక్కలుగా రికార్డవుతోంది. నిమిషాల కొరత తీరి చాలా ఏళ్ళయింది. కొరతల్లా రికార్డు పక్కన ఉండాల్సిన కాగితానిది. మోరీ ఊదింది ఎవరు, ఏ ఊరు, తుడుం ఎవరి చేతిలో ఉంది, మొదటి గొంతు ఎవరిది, ఏ భాష, పండుగకు ఆడారా డబ్బుకు ఆడారా, ఏ థింసా నుంచి ఏ థింసాకు ఎప్పుడు మారారు, చివరికి పాటను ఆపింది ఆడేవాళ్ళా, రికార్డు చేసేవాళ్ళా అన్నవి ఆ కాగితం మీద రాయాలి. ఒక మైకు వలయం మధ్యలో, ఒకటి మోరీకి దూరంగా, మూడోది గొలుసులో ఆడే ఒకామె ఒప్పుకుంటే ఆమె భుజానికి పెడితే, లోపలి నుంచి థింసా ఎలా వినిపిస్తుందో బయటివాళ్ళకూ తెలుస్తుంది. ఆ తర్వాత మొదటి నకలు ఆ ఊరి బడిలో ఉండాలి.