వేగమా, గురా?

తుపాకి గుండు వేగాన్ని నమ్మకంగా లెక్కకట్టిన తొలి తరంలో ముందు చెప్పుకోవలసిన పేరు బెంజమిన్ రాబిన్స్. ఈ ఇంగ్లీషు గణితవేత్త బరువైన చెక్క దిమ్మెను వేలాడదీసి, గుండు తగిలినప్పుడు అది ఎంత వెనక్కి ఊగిందో రిబ్బనుతో కొలిచాడు. ఆ ఊపును బట్టి వేగం తేల్చి, 1742లో పుస్తకంగా అచ్చువేశాడు. ఆ తర్వాత ఈస్టిండియా కంపెనీ ఇంజనీరుగా కోటలు పటిష్ఠం చేసే పనిమీద చెన్నపట్నం తీరానికి వచ్చి, 1751లో కడలూరు పక్కనున్న సెయింట్ డేవిడ్ కోటలో జ్వరంతో కన్నుమూశాడు. ఆయన లోలకం అయితే చాలాకాలం బతికింది. ఇరవయ్యో శతాబ్దంలో సరదాకి గాలి తుపాకి పట్టినవాళ్లు కూడా ఇళ్లలో అలాంటి దిమ్మెలు వేలాడదీసుకుని తమ తుపాకి సత్తా చూసుకున్నారు.

వాళ్లలో ఎక్కువమంది చేతిలో ఉన్నది నుమాయిష్‌లోనూ విశాఖ బీచ్‌లోనూ బుడగలు కొట్టించే దుకాణాల్లో కనిపించే రకమే. గొట్టాన్ని కీలు దగ్గర విరిచి కిందికి లాగితే లోపలి స్ప్రింగు ముడుచుకుంటుంది. పిస్టన్ వెనక్కి జరిగి కొక్కేనికి పట్టుకుంటుంది. గొట్టం మొదట్లో ఛర్రా అనే చిన్న గుండు పెట్టి, టక్కున మూసి, ట్రిగ్గర్ నొక్కితే పిస్టన్ ముందుకు దూకుతుంది. దాని ముందున్న గాలి నలిగి ఛర్రాను తోస్తుంది. సిలిండరు, గ్యాసు, పంపు ఏవీ అక్కర్లేదు. ఒక్కసారి గొట్టం లాగితే ఒక్క దెబ్బ.

ఈ పనితనానికి పేరుపడ్డది జర్మనీ. రాస్టాట్ ఊళ్లో మేయర్, గ్రామెల్‌స్పాకర్ అనే ఇద్దరు పెట్టిన కార్ఖానా ‘డయానా’ పేరుతో లోకమంతటికీ తెలిసింది. వేట దేవత డయానా విల్లంబులు కింద పడేసి గాలి తుపాకిని పైకెత్తి పట్టుకోవడం వాళ్ల గుర్తు. 1899లో థురింజియాలో మొదలైన వైరాఖ్ సంస్థది ఇంకో దారి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆ కుటుంబం ఉన్నదంతా వదులుకుని బవేరియాలోని మెల్‌రిష్‌టాట్‌కు వలసవచ్చి మళ్లీ మొదటినుంచి కట్టుకుంది. ఓడిన జర్మనీలో ఆయుధాల తయారీ నిషేధం. డయానా యంత్రాలూ పేరూ కూడా బ్రిటన్‌కు చెందిన మిల్‌బ్రో చేతికి పోయాయి. నిషేధం సడలాక రాస్టాట్ వాళ్లు మళ్లీ తుపాకులు చేసినా, బ్రిటన్‌లో తమ సొంత పేరు పెట్టుకునే హక్కు లేక ‘ఒరిజినల్’ అని అమ్ముకోవలసి వచ్చింది. 1980లలో గానీ ఆ పేరు వాళ్లకు తిరిగి దక్కలేదు. వైరాఖ్ హెచ్‌డబ్ల్యూ 35 మాత్రం 1950ల మొదట్లో వచ్చి దశాబ్దాలపాటు తయారైంది.

ఇంతకూ ఒక తుపాకి ఇంకోదానికన్నా మేలని ఎలా తేల్చేవారు?

బర్మింగ్‌హామ్ ప్రాంతపు మద్యశాలల్లో దానికి తేలికైన జవాబు దొరికింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే అక్కడ జట్లు కట్టి పోటీలు పెట్టుకునేవారు. ఇనుప పలకలో అంగుళంలో ఎనిమిదింట మూడు వంతులు, అంటే సెంటీమీటరుకు కొంచెం తక్కువ వెడల్పున్న రంధ్రం, దాని వెనక గంట. ఆరు గజాల నుంచి ఛర్రా రంధ్రంలో దూరితే గంట మోగుతుంది, లేకపోతే లేదు. ఎంత జోరుగా వెళ్లిందన్న ప్రశ్న అక్కడ రానే రాదు. ఆ ఊళ్లోనే తుపాకులు చేసే లింకన్ జెఫ్రీస్ 1905 ప్రాంతంలో బీఎస్ఏ కార్ఖానాలో చేయించిన తుపాకిలో గొట్టం విరగదు, కింద వేరే మీట ఉంటుంది. కదలని గొట్టానికే గురి కుదురుతుందన్న వాదన అప్పటినుంచీ నడుస్తూనే ఉంది.

ఆ వాదనలో సగం నిజం. 1950లలో వాల్టర్ ఎల్‌జీ 55 లాంటి కీలు తుపాకులతోనే జర్మన్లు పోటీలు ఆడారు. 1966లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లోకి ఎక్కిన రోజులకు పక్క మీటతో, గొట్టం కదలని ఫైన్‌వెర్క్‌బావ్, అన్‌షుట్జ్ తుపాకులు రంగాన్ని ఆక్రమించాయి. అవి గెలవడానికి గొట్టం ఒక కారణమే, కుదుపు లేకపోవడం అంతకన్నా పెద్ద కారణం. మామూలు స్ప్రింగు తుపాకిలో ఛర్రా గొట్టం దాటకముందే రెండు కుదుపులు పుడతాయి. పిస్టన్ ముందుకు దూకగానే తుపాకి వెనక్కి తంతుంది. పిస్టన్ గాలి దిండుకు తగిలి ఆగగానే ముందుకు లాగుతుంది. అందుకే దీన్ని బిగించి పట్టుకున్నవాడికి ఛర్రాలు చెల్లాచెదురుగా పడతాయి. అరచేతి మీద ఊరికే ఆనించి, తన్నేదాన్ని తన్ననిస్తే ఒక్కచోట పడతాయి.

వేగం కొలిచే ఎలక్ట్రానిక్ క్రోనోగ్రాఫ్ చవకై ఇళ్లకు వచ్చేదాకా టెలిఫోన్ డైరెక్టరీలో ఎన్ని పేజీలు చిరిగాయి, డబ్బా రేకు దిగిందా లేదా అన్నవే ఎక్కువమందికి కొలతలు. ఇంగ్లండులో కార్‌డ్యూ కుటుంబీకులు ఈ పరీక్షను శాస్త్రంగా మార్చారు. తుపాకిని నైట్రోజన్‌లో ఉంచి పేల్చి చూస్తే వేగం బాగా పడిపోయింది. మామూలు గాలిలో పిస్టన్ ముందు చేరిన కాస్త నూనె కూడా మండి ఛర్రాకు ఊతమిస్తోందని దాంతో రుజువైంది. అంటే కొత్త తుపాకి, నూనె ఎక్కువైన తుపాకి మొదట చూపించే అంకెను నమ్మకూడదు.

అయినా అంకెలే గెలిచాయి. 1981లో అమెరికాలో బీమన్ ఆర్1 వచ్చింది, చేసినవాళ్లు వైరాఖే. సెకనుకు వెయ్యి అడుగుల మాట దానితో ప్రచారంలోకి వచ్చింది. ఆ తర్వాత ప్రతి అట్టపెట్టె మీదా వెయ్యి, పన్నెండు వందలు అంటూ పోటీ మొదలైంది. అది కొనేవాడికి మేలు చేయని పోటీ. ధ్వని వేగం దరిదాపుల్లో ఛర్రా తడబడుతుంది, గురి పోతుంది. పైగా ఆ అంకె రావడానికి సీసం కాక తేలికైన మిశ్రలోహపు ఛర్రాలు వాడతారు.

ప్రభుత్వాలు మాత్రం వేగాన్ని కాదు, శక్తిని కొలిచాయి. జర్మనీలో లైసెన్సు లేకుండా 7.5 జౌళ్లు. ఇంగ్లండు, వేల్స్‌లో 1969 నాటి నిబంధనల ప్రకారం 12 అడుగు-పౌండ్లు, అంటే దాదాపు 16 జౌళ్లు. మన దేశంలో 2016 ఆయుధ నిబంధనల ప్రకారం గొట్టం 4.5 మిల్లీమీటర్లు దాటినా, శక్తి 20 జౌళ్లు దాటినా లైసెన్సు కావాలి. అర గ్రాము ఛర్రా సెకనుకు 200 మీటర్లు పోతే పది జౌళ్లు. అదే ఛర్రా వెయ్యి అడుగుల వేగం, అంటే 305 మీటర్లు అందుకుంటే 23 జౌళ్లవుతుంది, హద్దు దాటుతుంది. అట్టపెట్టె మీద అంకె, చట్టంలో హద్దు రెండూ ఒకేసారి నిజం కావాలంటే ఛర్రా బరువు తగ్గక తప్పదు.

కొనబోయేవాళ్లు దుకాణంలో వేగం అడగకండి. మూడు రకాల ఛర్రాలు తీసుకుని, వెనక గట్టి అడ్డు పెట్టి, పది మీటర్ల నుంచి ఒక్కో రకంతో పదేసి కొట్టండి. బాగా ఎడంగా పడిన రెండు రంధ్రాల బయటి అంచుల మధ్య కొలిచి, అందులోంచి 4.5 మిల్లీమీటర్లు తీసేయండి. రెండు తుపాకులను పోల్చాలంటే రెంటితోనూ అలాగే చేయండి. ఏ తుపాకి, ఏ ఛర్రాతో తక్కువ అంకె ఇచ్చిందో ఆ జతనే కొనండి.