మెడికేర్‌కు అందని బిల్లులు

అమెరికాలో 65 ఏళ్లు నిండినవారికి ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమా మెడికేర్. 1965 జూలై 30న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ మిస్సోరీ రాష్ట్రంలోని ఇండిపెండెన్స్ పట్టణంలో ఆ చట్టంపై సంతకం చేశారు. మాజీ అధ్యక్షుడు హ్యారీ ట్రూమన్ తొలి సభ్యుడయ్యారు. అంతకుముందు అమెరికా వృద్ధుల్లో దాదాపు సగంమందికి ఆసుపత్రి బీమానే లేదు. కనుక అదెంతో గొప్ప మేలు. అయితే ఆనాటి ప్రైవేటు పాలసీలను చూసి రూపొందించడంతో వాటి లోపాలూ దీనికి సంక్రమించాయి. డాక్టరు ఫీజులో ఇరవై శాతం రోగే కట్టాలి, ఆ వాటా ఎంత పెరిగినా అడ్డూ ఆపూ లేదు. ఇంట్లో వేసుకునే మందులకు 2006 దాకా పైసా రాలేదు, సంరక్షణ కేంద్రాల్లో ఏళ్ల తరబడి ఉండే ఖర్చుకు నేటికీ రాదు. రిటైరయ్యాక మీదపడే బిల్లుల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంది.

ఈ ఖర్చులకు పరిమితి పెడుతూ 1988లో అధ్యక్షుడు రొనాల్డ్ రీగన్ ఒక చట్టం తెచ్చారు. ఆ భారాన్ని వృద్ధులే మోయాలన్నారు. ఆదాయం ఎక్కువున్నవారు 1989లో 800 డాలర్ల దాకా అదనంగా కట్టాలి. పనిచేసిన కంపెనీ ఇచ్చే బీమా ఉన్నవారికి కొత్తగా ఒరిగేదేమీ లేదు. అందరూ భయపడే దీర్ఘకాల సంరక్షణ కేంద్రం ఖర్చును చట్టం భరించలేదు. ఆ కోపంతో 1989 ఆగస్టులో షికాగోలో అమెరికా కాంగ్రెస్ నాయకుడు డాన్ రాస్టెన్‌కౌస్కీ కారును వృద్ధులు చుట్టుముట్టారు. ఒక పెద్దావిడ బానెట్ మీదికే ఎక్కింది. ఆయన కారు దిగి పరుగెత్తాల్సి వచ్చింది. ఆ ఏడాది చివరికల్లా చట్టం రద్దయింది. దాంతోపాటే మందులకు రావలసిన సాయమూ పోయింది. అది మళ్లీ దక్కేసరికి 2006 వచ్చింది. మందులకు రోగి పెట్టే ఖర్చుకు 2,000 డాలర్ల వార్షిక పరిమితి 2025లో గానీ అమలు కాలేదు.

అన్నిటికన్నా అన్యాయమైన చిక్కు ఆసుపత్రి రికార్డులో ఉంటుంది. రోగి మూడు రాత్రులు మంచం మీదే గడుపుతాడు, సెలైన్ ఎక్కుతుంది, నర్సులు వచ్చిపోతుంటారు. అయినా ‘అబ్జర్వేషన్’ అని రాస్తే లెక్కలో అతను ఔట్‌పేషెంటే. ఇన్‌పేషెంటుగా వరసగా మూడు రోజులుంటేనే ఆ తర్వాత కోలుకునే కేంద్రం ఖర్చును మెడికేర్ భరిస్తుంది. ఆ సంగతి కుటుంబానికి బిల్లు చేతికొచ్చాకే తెలిసేది. అబ్జర్వేషన్ 24 గంటలు దాటితే రోగికి రాతపూర్వకంగా చెప్పాలని 2015లో చట్టం చేశారు గానీ, మూడు రోజుల నిబంధనను కదపలేదు.

ఇరవై శాతం వాటాకు అసలు మెడికేర్‌లో నేటికీ పరిమితి లేదు. దానికోసమే చాలామంది ‘మెడిగ్యాప్’ అనే అనుబంధ పాలసీ కొంటారు, లేదంటే ప్రైవేటు కంపెనీల మెడికేర్ అడ్వాంటేజ్ ప్లాన్లలో చేరతారు. అడ్వాంటేజ్ ప్లాన్లలో రోగి వాటాకు వార్షిక పరిమితి 2011 నుంచి తప్పనిసరి. కానీ చాలా ప్లాన్లలో జాబితాలో ఉన్న డాక్టర్ల దగ్గరికే వెళ్లాలి.